ముప్పై ఒక్క ముళ్ళు

ఈసారి ఏడు ముళ్ళు విప్పారు.

బడి గేటు దగ్గర మొదలుపెట్టి ఇంటి వైపు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. గేటు చువ్వ, ప్రహరీ కొక్కెం, కరెంటు స్తంభం, మందుల షాపు కిటికీ, రెండు కంచె గుంజలు, సైకిల్ షాపు తలుపు పక్కన మేకు. ఏడు చోట్లా తాడు లేదు. అలాగని ఎవరూ ఎత్తుకుపోలేదు. చక్కగా చుట్ట చుట్టి ఎనిమిదో ముడికి తగిలించి ఉంది, మళ్ళీ వచ్చి తీసుకుంటాం అన్నట్టు.

బడి గంటకి నలభై నిమిషాలే ఉంది. అవతల మా ఇంటి గుమ్మంలో తొమ్మిదేళ్ళ మేనకోడలు సంచీ తగిలించుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ దానికి చూపు లేదు. ఇంటి నుంచి బడి దాకా, రోడ్డుకి ఒకే పక్కన, పిల్ల నడుము ఎత్తులో, ముప్పై ఒక్క చోట్ల ముడివేసి కట్టిన ఈ తాడే దానికి దారి.

అన్నయ్య నా వెనకే పరిగెత్తుకొచ్చాడు. నా చేతిలో చుట్ట చూడగానే అందుకుని విప్పడం మొదలుపెట్టాడు. నువ్వు గేటు వైపు నుంచి కట్టుకురా, నేను ఇటు నుంచి కడతానన్నాడు. తాళ్ళు పేనే ఇంట్లో పుట్టినవాళ్ళం, ముడికి అర నిమిషం చాలు. గేటు చువ్వకి ముడి బిగించి తలెత్తేసరికి చువ్వలకి అవతల పెద్దమేడమ్ నిలబడి ఉంది.

బడికి ఆవిడే పెద్ద. కోపం వచ్చినా గొంతు పెంచదు. అందుకే అందరికీ ఆవిడంటే హడల్.

"పోయిన బుధవారం ఐదు. శనివారం ఆరు. ఇవాళ ఏడు," అంది. "నేను లెక్కల టీచర్ని. ఇది ఎటు పోతోందో నాకు తెలుస్తోంది. మీకు తెలుస్తోందా?"

అన్నయ్య తల వంచుకున్నాడు. నేను మాత్రం ఆ అంకెల దగ్గరే ఆగిపోయాను. ఐదు, ఆరు, ఏడు. ఆ వరస అప్పటిదాకా నాకు తట్టనేలేదు. ఆకతాయి అయితే ఒకరోజు రెండు విప్పుతాడు, ఒకరోజు పది తెంపుతాడు. లెక్క తప్పకుండా ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోయేవాడికి ఏదో పని ఉంది.

ఏం పని?

*

సెలవులయ్యాక బడి తెరిచినప్పుడు పెద్దమేడమ్ చేర్చుకోనని అనలేదు. రెండు వందల మంది పిల్లలకి తన దగ్గర ఉన్నది ఒక్క ఆయా అని చెప్పింది. ఈ పిల్లని ఎవరు తెస్తారు, ఎవరు తీసుకెళ్తారు, దారిలో ఏమైనా అయితే జవాబు ఎవరు చెప్తారు అని అడిగింది. సరైన ప్రశ్నలే.

తాడు పేనడానికి ముగ్గురు కావాలి. షెడ్డుకి ఈ చివర అన్నయ్య చక్రం తిప్పుతాడు. వదిన పీచు దువ్వి అందిస్తుంది. నేను ఆ పీచు నడుముకి చుట్టుకుని, ఒక కొస చక్రానికున్న కొక్కేనికి తగిలించి, వేళ్ళ సందున పోగు వదులుతూ వెనక్కి నడుస్తాను. నూట పది అడుగులు. మెడ తిప్పి చూస్తే పోగు సన్నబడి తెగుతుంది కాబట్టి చూడను. ఇరవై ఏళ్ళుగా రోజుకి వందసార్లు నేను చూడని చోటికి నడుస్తున్నాను. గోడ దగ్గర పడితే నా వీపుకి తెలుస్తుంది. ముగ్గురిలో ఒకరు లేచారంటే మిగతా ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. నానబెట్టిన పీచు ఎవరి కోసమూ ఆగదు.

తాడు కట్టాలన్న ఆలోచన నాదే. మన చేతిలో ఉన్నది తాడే కదా, దాన్నే దారి చేద్దాం అన్నాను. రోడ్డు దాటే పని లేకపోవడం ఒక్కటే మా అదృష్టం. పెద్దమేడమ్ ఆ తాడు చివరిదాకా తనే నడిచి చూసుకుని, ఒక కాగితం రాయించి, అన్నయ్య చేత సంతకం పెట్టించింది. పిల్ల తాడు పట్టుకునే రావాలి, పట్టుకునే వెళ్ళాలి. తాడు లేని రోజు బడి లేదు. నాలుగు నెలలకి తనిఖీ అధికారి వచ్చి చూసి సరే అంటేనే పేరు ఖాయం.

కాదంటే మిగిలింది ఒకరోజు ప్రయాణం దూరంలో ఉన్న హాస్టలు బడి. అక్కడికి పంపే ప్రసక్తే లేదని వదిన అప్పటికే తేల్చి చెప్పేసింది. అంటే ఇక ఇల్లే. షెడ్డులో పీచు కుప్ప మీద కూర్చుని, మా చక్రం చప్పుడు వింటూ పెద్దదవ్వడమే.

ఆ పిల్లని చూసినవాళ్ళెవరూ అలా కూర్చోబెట్టలేరు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ దాని నోట్లో ఉండేది ఒకటే మాట, ఎందుకు. చక్రం ఎందుకు ఒకే వైపు తిరుగుతుంది, వాన వాసన వానకంటే ముందెందుకు వస్తుంది, అత్త ఎందుకు పెళ్ళి చేసుకోలేదు. మా నాన్న బతికి ఉన్నప్పుడు దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది. బడిలో వారం తిరక్కుండానే పక్కన కూర్చునే పిల్ల బోర్డు మీదిది దాని చెవిలో చదివిపెట్టడం, ఇది ఆ పిల్లకి నోటిలెక్కలు చేసిపెట్టడం మొదలైంది. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు చుక్కల లిపి నేర్పే టీచరు ఎక్కడినుంచో ఆటోలో వచ్చేది. ఆ రెండు రోజులూ పిల్ల ఇంటికి ఆలస్యంగా వచ్చేది. వచ్చీ రాగానే నా వీపు మీద వేళ్ళతో చుక్కలు పొడిచి, ఏ అక్షరమో చెప్పమనేది. నాకు చక్కిలిగింతలు తప్ప ఏమీ తెలిసేది కాదు.

*

అనుమానం మొట్టమొదట ఇస్త్రీ బండి ఆయన మీదికి పోయింది. పోకుండా ఎలా ఉంటుంది?

పధ్నాలుగో ముడి దగ్గర, రోడ్డు మలుపులో ఆయన బండి. తాడు సరిగ్గా ఆయన వీపు వెనక నుంచి పోతుంది. కట్టిన రోజే గొడవపడ్డాడు. తన దగ్గరికొచ్చే జనం తాడు కింద నుంచి దూరి రావాలా, ఇదేమన్నా గంతుల పోటీనా అన్నాడు. మేం ఆ దారిన పోయినప్పుడల్లా ఆయనకి ఒక వేళాకోళం ఉండేది: "ఏం తాళ్ళమ్మా, మీ ఇంట్లో పిల్లలు నడక నేర్చుకునేది ముందుకా, వెనక్కా?" నేనూ తక్కువ తినలేదు. నీ మొహానికి కూడా ఒక ఇస్త్రీ పెట్టించుకో, ముడతలు పోతాయి అనేదాన్ని.

పైగా తాడు విప్పి కనపడేది బుధవారం, శనివారం పొద్దున. ఆయన బట్టలు ఇళ్ళకి అందించేది కూడా సరిగ్గా ఆ రెండు పొద్దుటిపూటలే. బండి ఖాళీగా ఉంటుంది, మనిషి వీధుల్లో తిరుగుతుంటాడు. అన్నయ్యకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. నాకు కావాల్సొచ్చింది.

ఆ శుక్రవారం పిల్ల బడిలోకి వెళ్ళాక మసిలో నూనె కలిపి గేటు నుంచి ఎనిమిది ముళ్ళ అడుగుభాగాన పూశాను. తాడు పట్టుకుని నడిచే చేతికి అది అంటదు. ముడి విప్పే వేళ్ళకే అంటుంది. శనివారం తెల్లవారేసరికి సరిగ్గా ఎనిమిది విప్పి ఉన్నాయి. నా లెక్క తప్పనందుకు ఒక పక్క సిగ్గులేని సంతోషం కూడా కలిగింది.

అన్నయ్య నేరుగా వెళ్ళి ఇస్త్రీ ఆయన మణికట్టు పట్టుకుని అరచెయ్యి తిప్పాడు. నల్లగా ఉంది. దొరికావన్నాడు.

ఆయన తన చెయ్యిని తానే మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"బొగ్గుల పెట్టెతో బతికేవాడి చేతులు ఎప్పుడైనా తెల్లగా కనిపిస్తే, అప్పుడు రావయ్యా దొంగని పట్టడానికి," అన్నాడు.

సైకిల్ షాపు దగ్గర నలుగురూ నవ్వారు. నా తెలివి తెల్లారినట్టే ఉందని నాకే అనిపించింది. అన్నయ్య మాత్రం నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే కూర్చుని ఆయన మీద బడికి ఫిర్యాదు రాశాడు. బండి ఆ మలుపులోంచి తీయించాలని.

సాయంత్రం పెరట్లో వదిన పిల్ల గౌను రాయి మీద వేసి బాదుతోంది. నీ మసి దొంగకి అంటిందో లేదో గానీ నా కూతురి బట్టలకి అంటిందని నన్ను దులిపేసింది. తాడు పట్టుకుని వచ్చే పిల్ల కదా, అంటదా మరి అనుకున్నాను. అంతటితో వదిలేశాను. అడుగుభాగాన పూసిన మసి అని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది.

*

ఇక్కడ మా పనివాళ్ళకున్న కట్టుబాటు ఒకటి చెప్పాలి. తాడుని పొద్దున్నే చూసుకోవాలి, సాయంత్రం ముట్టుకోకూడదు. పగలంతా ఎండకి ఆరి అది వదులైపోతుంది. వదులైందని కంగారుపడి బిగించామా, రాత్రి తేమకి బిర్రుగా లాక్కుని గుంజలనే పీకేస్తుంది. సాయంత్రం తాడు అబద్ధాలాడుతుందని మా నాన్న అనేవాడు. మేం ఆ మాట పాలతో పాటు తాగి పెరిగాం. అందుకే ఆ నాలుగు నెలల్లో ఒక్క సాయంత్రం కూడా మాలో ఎవరూ ఆ తాడు వైపు వెళ్ళలేదు. తాడు చెడేది రాత్రే, చూడాల్సింది పొద్దున్నే.

నేను కాపు కాసిందీ అలాగే. వరసగా రెండు బుధవారాలు తొలివెలుగులో వెళ్ళి సైకిల్ షాపు అరుగు మీద నక్కాను. వెళ్ళేసరికే విప్పి ఉంది. దొంగ నాకంటే ముందు లేస్తున్నాడనుకున్నాను. ఇంకా ముందు వెళ్ళాను. అప్పటికీ విప్పే ఉంది.

పదకొండో ముడి నాడు, తిరిగి కడుతూ, చేతిలోని చుట్ట వంక మొదటిసారి శ్రద్ధగా చూశాను. ఒక్క మెలిక లేదు. తాడుకి పురి ఏ వైపు ఎక్కిందో ఆ వైపే చుట్టాలి, లేకపోతే పాములా మెలికలు తిరుగుతుంది. బజారు మనుషులు ఎటు చెయ్యి పోతే అటు చుడతారు. అప్పటిదాకా దొరికిన చుట్టలన్నీ గుర్తు చేసుకున్నాను. ఒక్కటీ తప్పుగా చుట్టింది లేదు.

ఇది ఇస్త్రీ పెట్టే చెయ్యి కాదు. ఇది మా ఇంటి చెయ్యి.

ఇంట్లో పిల్ల ఒక్కతే బడికి పోవడం మొదట్నుంచీ ఇష్టం లేనిది ఒక్కరికే.

రెండు రోజులు మనసులో మథనపడి, అన్నయ్య బయటికెళ్ళిన సమయం చూసి అడిగాను. వదిన పీచు దువ్వుతోంది.

"వదినా, నువ్వేనా?"

"ఏంటి నేనేనా?"

"తాడు."

దువ్వెన ఆగింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"విప్పాలని అనిపించని రోజు లేదు," అంది మెల్లగా. "అది సందు చివర మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడతాను. లోపలికొచ్చాక దువ్విన పీచునే మళ్ళీ దువ్వుతుంటాను. కానీ ఒకటి ఆలోచించు. నేనైతే ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చుంటానా? కొడవలి తీసుకుని ఒకేసారి కోసి పారేస్తాను. పెళ్ళయి వచ్చి పన్నెండేళ్ళయింది, నేను ఏనాడైనా ముడి విప్పడం చూశావా నువ్వు?"

చూడలేదు. పొట్లం దారమైనా సరే కత్తెర తీసేది. అడిగినందుకు సిగ్గుపడ్డాను. అంతకంటే ఎక్కువగా తికమకపడ్డాను. మా ఇంట్లో ముడి విప్పే చేతులు అన్నయ్యవి, నావి. నేను కాదు. ఫిర్యాదులు రాసుకుంటూ తిరిగే అన్నయ్య కాదు.

రాత్రిళ్ళు ఎటు పక్కకి తిరిగి పడుకున్నా ఆ లెక్క తెగేది కాదు.

*

పంతొమ్మిదో ముడి నాడు, ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి మా చక్రం ఇరుసు విరిగింది.

అన్నయ్య దాన్ని భుజాన వేసుకుని వెల్డింగు షాపుకి పోయాడు. కాసేపటికి, కొలత ముక్క మర్చిపోయాడని వదిన నన్ను పంపింది. అది ఇచ్చి, వచ్చిన దారిన కాకుండా బడి వెనక సందులోంచి తిరిగాను. ఎందుకు తిరిగానంటే చెప్పలేను. పనిలేని సాయంత్రం నా జీవితంలో అదే మొదటిది. కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు పోయాను. సైకిల్ షాపు పక్క నుంచి బయటపడేసరికి నాలుగున్నర అయింది.

చుక్కల టీచరు ఆటో అప్పుడే వెళ్ళిపోయింది. గేటు బయట ఎందుకమ్మ ఒక్కతే ఉంది.

చెయ్యి చాపి గేటు చువ్వ తడుముకుంది. ముడి దొరకబుచ్చుకుంది. బొటనవేలితో నడ్డి నొక్కి, చూపుడువేలు సందులో దూర్చి, ఒక్కసారి వెనక్కి తోసింది. ముడి ఊడిపోయింది. అది నా పద్ధతి. దానికి నేను నేర్పలేదు. షెడ్డులో నా పక్కన కూర్చుని నా చేతుల మీద చేతులు వేసి ఆడుకునేది, అంతే.

తాడుని మోచేతికి చుట్టుకుంటూ నడిచింది. దేన్నీ పట్టుకోలేదు. పెదవులు కదులుతున్నాయి. ప్రహరీ కొక్కెం దగ్గర ఆగి, విప్పి, మళ్ళీ నడిచింది. కరెంటు స్తంభానికి సరిగ్గా ఒక అడుగు ముందు ఆగి చెయ్యి చాపింది. స్తంభం అక్కడే ఉంది. మందుల షాపు ముందు ముక్కు ఎగబీల్చింది. గాలి కొట్టే పంపు బుస్సుమన్న చోట కుడికి కొద్దిగా జరిగింది. నేను ఆ పక్కనే, రెండు చేతుల దూరంలో నిలబడి ఉన్నాను. ఊపిరి బిగబట్టి, అది దాటిపోయాక చప్పుడు చెయ్యకుండా వెనకే నడిచాను.

మలుపులో ఇస్త్రీ ఆయన పెట్టె పైకెత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కింద ఎవరి చొక్కానో సగం ఇస్త్రీలో ఆగిపోయింది. పిల్ల ఆయన ముందుకొచ్చి బుగ్గ పక్కకి తిప్పింది, వేడి ఎటు నుంచి వస్తోందో చూసుకున్నట్టు.

"మామా, ఇవాళ బండి రెండడుగులు ముందుకొచ్చింది."

"నీడ కోసం జరిపానే తల్లీ."

"చెప్పి జరపాలి కదా."

"తప్పయిపోయింది. రేపట్నుంచి దాని చోటు దానిదే."

అది మలుపు తిరిగింది. అప్పుడు ఆయన నన్ను చూశాడు. బొగ్గంటిన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

చూడని వైపుకి నడిచి పొట్టపోసుకునే ఇల్లు మాది. ఆ పిల్ల ముందుకి నడవగలదని మాలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత ఇస్త్రీ ఆయన దగ్గరికెళ్ళి ఎప్పట్నుంచి తెలుసని అడిగాను. తన బండి దగ్గర్నుంచి గేటు కనపడుతుందనీ, రెండో ముడి నాటి నుంచీ తెలుసనీ అన్నాడు. మొదటి వారం బడిలో ఎవరో పిల్లని కట్టేసిన దూడ అన్నారట. పట్టుకోకుండా నడిచి చూసిందట, కానీ తాడు ఉంటే చెయ్యి దానంతట అదే అటు పోతోందట. అందుకే తీసేస్తోంది. ఎవరికీ చెప్పనని ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

మా అన్నయ్య నీ మీద ఫిర్యాదు రాశాడు తెలుసా అన్నాను.

"రాయనీ తల్లీ. ఒట్టు వేసింది మీ అన్నయ్యకి కాదుగా."

ఆ సాయంత్రమే ఆయనకి మనసులో దండం పెట్టుకున్నాను. పైకి మాత్రం చొక్కా మాడుతోంది చూసుకో అన్నాను.

*

నేను ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యకి చెప్తే భయపడి ఆపేస్తాడు. వదినకి చెప్తే ప్రాణం పోతుంది. పెద్దమేడమ్ చేతిలో అన్నయ్య సంతకం పెట్టిన కాగితం ఉంది, తాడు పట్టుకునే రావాలి, పట్టుకునే వెళ్ళాలి అని. దాన్ని మా పిల్లే వారానికి రెండుసార్లు తప్పుతోంది. నిజం చెప్తే సీటు పోతుంది. బుధవారం, శనివారం పొద్దున అన్నయ్యతో కలిసి ముళ్ళు కట్టాను, తను ఇస్త్రీ ఆయన్ని తిడుతుంటే విన్నాను. మంగళవారం, శుక్రవారం ఏదో వంక పెట్టి నాలుగింటికి షెడ్డులోంచి జారుకున్నాను.

ఇరవై మూడో ముడి దాటాక ఎవరో ఇల్లు కట్టుకుంటూ దారిలో ఇసుక పోయించారు. దాని లెక్కలో ఇసుక లేదు. కాలు కూరుకుని పడింది. మోకాలు గీరుకుంది. నేను పరిగెత్తబోయి, ఆగాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. అది కూర్చునే గుప్పెట్లోకి ఇసుక తీసుకుని చూసింది, వదిలేసింది. లేచి, మూడు గుంజలు వెనక్కి పోయి, మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఇసుక పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. ఇంట్లో మోకాలేంటని వదిన అడిగితే బడిలో పడ్డానంది. అబద్ధాలు మాత్రం మా ఇంట్లో ఎవరి దగ్గర నేర్చుకుందో.

ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇక మిగిలినవి మా షెడ్డు గుమ్మంలోంచి కనిపించే నాలుగు. వాటి దగ్గరికొస్తే వదిన కంట్లో పడుతుంది. ఏం చేస్తుందా అని చూస్తున్నాను.

మర్నాడే, బుధవారం పొద్దున, తనిఖీ అధికారి వచ్చాడు.

*

చెప్పిన వేళకంటే గంట ముందే వచ్చాడు. మేం తాడు కట్టడానికి బయల్దేరేసరికే, ఇరవై ఎనిమిదో ముడికి వేలాడుతున్న చుట్టని ఆయన చేత్తో పట్టుకుని చూస్తున్నాడు.

అరగంట తర్వాత అందరం పెద్దమేడమ్ గదిలో ఉన్నాం. ఇస్త్రీ ఆయన్ని కూడా పిలిపించారు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. పిల్ల స్టూలు మీద, కాళ్ళు నేలకి అందకుండా. అధికారి చెడ్డవాడేం కాదు. ఆ పూట ఇంకో రెండు బళ్ళు చూడాల్సిన మనిషి. బల్ల మీద మూడు కాగితాలు పక్కపక్కనే పరిచాడు. అన్నయ్య సంతకం చేసిన కాగితం, అన్నయ్య రాసిన ఫిర్యాదు, హాస్టలు బడిలో చేర్చే దరఖాస్తు.

పెద్దమేడమ్ తనంతట తానే మాట్లాడింది. నోటిలెక్కల్లో తరగతిలో ఈ పిల్లని మించినవాళ్ళు లేరనీ, ఈ నాలుగు నెలల్లో తనని అడిగినన్ని ప్రశ్నలు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ అడగలేదనీ, ఉంచుకోవాలనే తనకుందనీ చెప్పింది. కానీ దారి తన చేతిలో లేదంది.

అధికారి తలూపాడు.

"చూడండమ్మా. తాడు విప్పుతున్నది బయటి మనిషైతే వాణ్ణి అక్కణ్ణించి పంపించేస్తాం, పిల్ల ఇక్కడే చదువుకుంటుంది. ఎవరో తేలకపోతే మాత్రం ఈ దారి క్షేమం కాదనే నేను రాయాలి. అప్పుడు ఇదిగో, ఈ మూడో కాగితం."

వదిన నా చెయ్యి పట్టుకుంది.

అన్నయ్య వేలు చూపించాడు. బుధవారం, శనివారం, ఖాళీ బండి, కట్టిన రోజు గొడవ, అన్నీ వరసగా చెప్పాడు. నమ్మే చెప్పాడు. అధికారి ఇస్త్రీ ఆయన వైపు తిరిగి, ఏమంటావయ్యా అని అడిగాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను నోరు తెరిస్తే సీటు పోతుంది. మూస్తే బండి పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మలుపులో నిలబడ్డ బండి. నోరు తెరిచిన గుర్తుంది. ఏం చెప్పబోయానో ఇవాళ్టికీ నాకు తెలీదు. నాకంటే ముందు ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"సరేనయ్యా, నేనే అని రాసుకోండి. బండి వెనక వీధిలో పెట్టుకుంటాను. పిల్లని మాత్రం ఉంచండి."

అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. అధికారి కలం మూత తీశాడు. పెద్దమేడమ్ మాత్రం ఇస్త్రీ ఆయన్ని వింతగా చూస్తోంది, మొత్తం సరిపోయి మధ్యలో ఎక్కడో అంకె తప్పిన లెక్కని చూసినట్టు.

స్టూలు కిర్రుమంది. పిల్ల కిందికి దిగింది.

"రాయకండి సార్. మామ బండి అక్కడ లేకపోతే నాకు మలుపు తెలీదు."

"నీకు తాడు ఉంది కదమ్మా," అన్నాడు అధికారి.

"సాయంత్రం అక్కడ తాడు ఉండదు సార్."

కలం ఆగింది. వదిన వేళ్ళు నా చేతిలో బిగుసుకున్నాయి.

"ఎవరు విప్పుతున్నారో నీకు తెలుసా?"

"తెలుసు."

అది అధికారి వైపు తిరగలేదు. గదిలో అన్నయ్య ఎక్కడ నిలబడ్డాడో వెతుక్కుని, మూడడుగులు వేసి, ఆయనకి ఒక అడుగు ముందు ఆగింది.

"మామ కాదు నాన్నా, నేనే. ఇరవై ఏడూ నేనే విప్పాను. ఇంకా నాలుగే ఉన్నాయి."